బానెట్ మీద సద్ది

మా పాల్మాకుల బస్సుకు ఇంజను లోపలే ఉండేది, డ్రైవరుకు ఎడమ పక్కన. దాని మీద నల్ల రెగ్జిన్ కప్పిన ఇనుప మూత. బానెట్ అంటారు. చలికాలంలో దాని మీద కూర్చోవడానికి ఆడవాళ్లు పోటీ పడేవారు. ఎండాకాలంలో దాని పక్కన నిలబడటానికి కూడా ఎవరూ వచ్చేవారు కాదు. ఏ కాలమైనా ఆ బానెట్ మీద ఒక మూలన మా సద్ది డబ్బా, పని దగ్గర నేను తినే అన్నం డబ్బా, ఉండేది.

నేను రాజేంద్రనగర్‌లో వ్యవసాయ కాలేజీలో తోటమాలిని. పొద్దున ఆరుకల్లా తోటలో ఉండాలి. ఐదు గంటల బస్సుకు పోయేవాణ్ణి. ఆ వేళకు సద్ది కట్టాలంటే మా రుక్కమ్మ మూడింటికే లేవాలి. పెళ్లయిన కొత్తలో నాలుగు రోజులు లేచింది. ఐదో రోజు జొన్నపిండి పిసుకుతూ పిసుకుతూ తాంబాళం మీదనే తల వాల్చి నిద్రపోయింది. ముక్కుకు పిండి అంటుకుంది.

"ఇగ లేవకు" అన్నాను. అంతకంటే ఏమీ అనలేదు. నేను మాట తక్కువ మనిషిని.

ఉపాయం ఆమే కనిపెట్టింది. తొమ్మిది గంటల బస్సుకు డబ్బా పట్టుకొని ఎదురుపోయి నిలబడింది. అప్పుడు డ్రైవరు సఖావత్ అని శంషాబాద్ మనిషి, కొత్తగా కొలువుకు ఎక్కినవాడు.

"అన్నా, ఆరాంఘర్ రాకముందే తోట గేటు వస్తది. అక్కడ మా ఆయన ఉంటడు. పొట్టిగ, నల్లగ ఉంటడు. మాట్లాడడు. ఆయనకియ్యి" అని చెప్పిందట.

ఆ రోజు గేటు దగ్గర బస్సు ఆగింది. సఖావత్ కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"పొట్టిగ, నల్లగ, మాట్లాడనోడివి నువ్వేనా?"

నేను చెయ్యి చాచాను. అతను వెనక్కి తిరిగి కండక్టరుతో "ఈయననే" అన్నాడు. డబ్బా ఇచ్చాడు. విప్పి చూస్తే అన్నంలోంచి పొగ వస్తోంది. ఇంజను వేడికి కింది గిన్నె పొయ్యి మీది నుంచి అప్పుడే దించినట్టుంది. కొంచెం డీజిల్ వాసన కూడా ఉంది.

ఆ తర్వాత ఇరవై తొమ్మిదేళ్లు ఆ వాసనతోనే తిన్నాను.

ఒకటిన్నరకు తిరుగు బస్సు. కడిగిన డబ్బాను మళ్లీ సఖావత్ చేతికి ఇచ్చేవాణ్ణి. ఉత్త డబ్బా పంపేవాణ్ణి కాదు. దోర జామకాయ, ఒక నిమ్మకాయ, కొత్త రకం వంకాయ గింజలు, ఏమీ లేకపోతే నాలుగు మల్లె మొగ్గలు. ఇంట్లో దాని గురించి ఆమె అడిగేది కాదు, నేను చెప్పేవాణ్ణి కాదు. గింజలు పెరట్లో మొలిచేవి. అన్నం మిగిలితే నాకు జ్వరమని ఆమెకు తెలిసేది. ఉప్పు ఎక్కువైతే ఆమెకు కోపం వచ్చిందని నాకు తెలిసేది. మా బిడ్డ పూర్ణిమ పుట్టిన రోజు మా అమ్మ డబ్బా నిండా చక్కెర పోసి పంపింది. సఖావత్ గేటు దాకా హారన్ కొట్టుకుంటూ వచ్చాడు. బస్సులో ఉన్నవాళ్లందరికీ నాకంటే ముందే తెలిసింది.

మూడు గిన్నెల డబ్బా అది. పుట్టింటి నుంచి తెచ్చుకుంది. మూత మీద చుక్కలు చుక్కలుగా ఆమె పేరు కొట్టించి ఉంటుంది. పది పన్నెండేళ్ల కింద దాని కొక్కెం విరిగితే నేను తోట నుంచి తీగ తెచ్చి చుట్టాను. ద్రాక్ష పందిరికి కట్టే తీగ.

ఎయిర్‌పోర్టు మా దిక్కు వచ్చాక రోడ్లు పెద్దవయ్యాయి. మూడేళ్లు మా ఎర్ర బస్సు వాటి మీద పక్కకు పక్కకు జరుగుతూ నడిచింది. 2011లో సఖావత్ రిటైరయ్యాడు. అతని వెనకనే నెల రోజులకు బస్సు కూడా పోయింది. పాతదైపోయిందన్నారు. ఇప్పుడు ఊరి నుంచి ఆటోలో శంషాబాద్ పోవాలి. అక్కడ అద్దాల బస్సులు, తెల్లవి, పచ్చవి, వరుసగా వస్తాయి. తలుపులు వాటంతట అవే మూసుకుంటాయి. ఇంజను ఎక్కడో వెనక ఉంటుంది. డ్రైవరు పక్కన బానెట్ లేదు.

నేను రాత్రి చేసిన రొట్టె పొద్దున కట్టుకుపోవడం మొదలుపెట్టాను. అదేం పెద్ద కష్టం కాదు. లోకంలో చాలామంది తినేది అదే. కానీ ఎందుకో సగం తినేవాణ్ణి, సగం తోటలో కుక్కకు వేసేవాణ్ణి. ఒకరోజు అది కూడా తినలేదు, మూట అట్లాగే ఇంటికి వచ్చింది. రుక్కమ్మ మూట విప్పి చూసింది.

"ఇంక ఏడాదిన్నర నౌకరి ఉన్నది. గిట్లనే తింటవా?" అంది.

"ఊఁ" అన్నాను.

ఇంకో సంగతి ఆమెకు చెప్పలేదు. పది కాగానే నా కాళ్లు గేటు దగ్గరికి పోయేవి. కాసేపు నిలబడి మళ్లీ వచ్చేవాణ్ణి.

ఒక మంగళవారం అట్లాగే నిలబడి వచ్చాను. పదకొండు దాటాక ఆఫీసు గుమాస్తా ఐలయ్య వరండాలోంచి కేకేశాడు.

"సోమన్నా, నీకు ఫోన్."

నాకెవరు ఫోన్ చేస్తారు. పోయి చెవి దగ్గర పెట్టుకున్నాను.

"నేను సఖావత్. నిలవడి వింటున్నవా, కూసొని వింటున్నవా?"

"నిలవడి."

"కూసో. మీ డబ్బా ఎయిర్‌పోర్టుకు పోయింది."

"ఏ డబ్బా?"

"ఎన్ని డబ్బాలున్నయి నీకు? గదే. సుట్టూ తాడు కట్టిన్రు. కుక్కను తెచ్చిన్రు. వదినె నా పక్కననే ఉన్నది, మస్తు పరేషాన్ల ఉన్నది. జల్ది రా."

జరిగింది ఏమిటంటే ఆమె నాకు చెప్పకుండా ఆ పొద్దున వేడిగా వండి, డబ్బా కట్టి, ఆటోలో శంషాబాద్ వచ్చింది. మొదట వచ్చిన తెల్ల బస్సు ముందు తలుపులోంచి ఒక మెట్టు ఎక్కింది. డ్రైవరు పక్కన, పాత బస్సుల్లో బానెట్ ఉండే చోట, డబ్బా పెట్టింది. "తోట గేటు కాడ మా ఆయన ఉంటడు, ఇయ్యి బిడ్డా" అని దిగింది. జనం పెట్టెలు ఎక్కిస్తున్నారు. ఆమె మాట సరిగా వినపడక, ఎవరినో సాగనంపడానికి వచ్చిందనుకొని డ్రైవరు తల ఊపాడు. తలుపు మూసుకుంది. బస్సు పట్నం దిక్కు పోలేదు, ఎయిర్‌పోర్టు దిక్కు తిరిగింది.

ఆమెను ఏమనాలి. పాల్మాకుల బస్సుకు మా ఊరే ఆఖరు. అక్కడ తిరిగిన బస్సు పట్నం తప్ప ఇంకో దిక్కు పోయేది కాదు. బస్సు ఎటు పోతుందని ఇరవై తొమ్మిదేళ్లలో ఆమెకు అడగవలసిన పని పడలేదు.

వెనకాల పరుగెత్తిందట. చాయ్ హోటల్లో కూర్చున్న సఖావత్ చూశాడు. ఆమెను తన స్కూటర్ మీద ఎక్కించుకొని బస్సు వెంట పడ్డాడు. వాళ్లు చేరేసరికి ప్రయాణికులు దిగిపోయారు, డబ్బా ఒక్కటే మిగిలింది. గుడ్డ చుట్టి ఉంది, గుడ్డ కింద తీగ చుట్టి ఉంది. నాలుగేళ్ల కింద పట్నంలో బాంబులు పేలినప్పటి నుంచి, మనిషి లేని డబ్బా అంటే ఎవరికైనా దడే.

నేను తోట గేటు నుంచి ఆరాంఘర్ దాకా నడిచి ఒక తెల్ల బస్సు ఎక్కాను. రోజూ పొద్దున పచ్చ బస్సుకే పోయేవాణ్ణి, తెల్లది ఎక్కడం అదే మొదలు. లోపల చల్లగా ఉంది. చప్పుడు లేదు. గతుకులన్నీ ఎక్కడికి పోయాయో తెలియలేదు. కవిత అని చొక్కా మీద పేరు రాసి ఉన్న కండక్టరమ్మ వచ్చింది.

"ఎయిర్‌పోర్టుకా బాపు? ఎవరన్న వస్తున్నరా?"

"లేదు. మా డబ్బా ఉన్నది అక్కడ."

ఆమె టికెట్ కొట్టే చెయ్యి ఆపింది.

"ఆ బాంబు డబ్బా మీదేనా?"

పక్క సీటాయన లేచి వెనక్కి పోయాడు. కవిత ఆ ఖాళీ సీటులో కూర్చుంది.

"నిజం చెప్పు. లోపట ఏమున్నది?"

"సద్ది."

ఆమె నా ముఖం చూసింది. నా చేతులకు ఇంకా మట్టి ఉంది. "గంతేనా" అని టికెట్ చేతిలో పెట్టింది. దిగేటప్పుడు "జర భయపడకుండ మాట్లాడు బాపు. నోరు తెర్వకపోతే ఇంక అనుమానిస్తరు" అని చెప్పింది.

బస్సులు ఆగే చోట ఒక పక్కంతా తాడు కట్టారు. తాడు లోపల ఖాళీ రోడ్డు. ఆ రోడ్డు నడుమ ఇసుక బస్తాలు, వాటి నడుమ మా డబ్బా. అంత పెద్ద జాగాలో అది చాలా చిన్నగా కనిపించింది. మా పెరట్లో ఆరేసే ఎర్ర గళ్ల గుడ్డ చుట్టుకొని ఉంది.

రుక్కమ్మ తాడు ఇవతల కూర్చొని ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నన్ను చూసి లేవలేదు. పక్కన సఖావత్, బస్సు డ్రైవరు అరవింద్ నిలబడ్డారు. అరవింద్ ముఖం తెల్లబోయి ఉంది.

"నా కొలువు పోతది అక్కా, నీ డబ్బా తోటి" అంటున్నాడు.

"అరే, ఊకో. ముప్పై ఏండ్లు తెచ్చిన, నా కొలువు పోలే" అన్నాడు సఖావత్.

"నీ బస్సు ఎయిర్‌పోర్టుకు పోయిందా సాబ్?"

సెక్యూరిటీ ఆఫీసరు నా దగ్గరికి వచ్చాడు. హరిప్రసాద్ అని బిళ్ల మీద ఉంది. కోస్తా మనిషి, మాట మెత్తన.

"మీరేనా ఈవిడ భర్త?"

"అవును సార్."

"చూడండి, ఈవిడ చెప్పింది నేను రాసుకున్నాను. లోపల ఏమేం ఉన్నాయో ఇప్పుడు మీరు చెప్పండి. రెండూ కలిస్తే మావాళ్లు మామూలుగా విప్పుతారు. కలవకపోతే దూరం నుంచి పగలగొట్టక తప్పదు. ఈవిడ కూడా స్టేషనుకు రావలసి వస్తుంది."

"నేను చూడలే సార్. పంపినట్టు గూడ నాకు తెల్వదు."

"మరి ఎలా చెబుతారండీ?"

రుక్కమ్మ నన్ను చూసింది. ఆమె కళ్లలో భయం డబ్బా పగిలిపోతుందని కాదు. ఈయన నోరు తెరుస్తాడా అని. అది నాకు తెలిసింది.

"చెప్త" అన్నాను.

ఆఫీసరు కాగితం విప్పాడు.

"గుడ్డ కింద తీగ ఉంటది. ఎనిమిది సుట్లు. కొన లోపలికి వంచి ఉంటది, ఆమె చేతికి గుచ్చుకోవద్దని నేనే వంచిన. మీది గిన్నెల రొట్టెలు. నడిమి గిన్నెల అన్నం. అన్నం నడుమ గుంట చేసి ఉల్లిగడ్డ పెడ్తది. కోసి పెట్టదు, నేను గుద్దుకొని తింట. కింది గిన్నెల పప్పు."

"ఏం పప్పు?"

"గంగవాయిలి కూర పప్పు. నిన్న వాన పడ్డది. వాన పడ్డ తెల్లారి ఇంటెనుక గంగవాయిలి లేతగ ఉంటది, ఇడిసిపెట్టదు. చింతపండు తక్కువేసి ఉంటది. నాకు నిన్నటి సంది దగ్గు."

ఆఫీసరు కాగితం మీద వేలు జరిపాడు.

"పప్పు కిందనే అని ఎందుకంటున్నారు?"

"బస్సుల బానెట్ వేడి కింది గిన్నెకు తగుల్తది సార్. పప్పు సల్లారితే గడ్డకడ్తది. గీ బస్సుకు బానెట్ లేదు. అయినా ఆమె చెయ్యి కిందనే పెడ్తది."

చుట్టూ ఉన్నవాళ్లు దగ్గరికి వచ్చారు. నేను ఆగలేదు, ఆగితే మళ్లీ మాట రాదేమోనని.

"రొట్టెలు ఎన్ని?"

"మూడు. నేను తినేది రెండే. మూడోది డ్రైవర్‌ది. మొదటి సంది గట్లనే. రెండు సగానికి మడిచి ఉంటయి. డ్రైవర్‌ది నాలుగు మడతలు, విడిగ. అది మీద ఉంటది."

సఖావత్ తల వంచుకున్నాడు.

"అంతేనా?" అన్నాడు ఆఫీసరు. "ఇంకేమీ లేదా?"

ఆ కాగితంలో ఇంకేదో ఉందని అతని కన్ను చెప్పింది. నేను ఆలోచించాను. ఇంట్లో పొయ్యి ముందు ఆమె ఎట్లా కూర్చొని ఉంటుందో, ఏం అనుకొని ఉంటుందో.

"ఆ మూడో రొట్టెల బెల్లం ఉంటది" అన్నాను.

"ఎలా తెలుసు?"

"మొదట్ల సఖావత్ భాయ్ రొట్టెల బెల్లం పెడ్తుండె. ఈయనకు షుగర్ వచ్చినంక బంద్ చేసింది. గీ డ్రైవర్ కొత్తోడు, వయసోడు. షుగర్ ఉండదు. మొదటి దినం గద సార్. పెట్టి ఉంటది."

హరిప్రసాద్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తాడు లోపలికి చెయ్యి ఊపాడు. లావు కోటు వేసుకున్న మనిషి ఒకడు పోయి మోకాళ్ల మీద కూర్చున్నాడు. గుడ్డ విప్పాడు, తీగ తిప్పాడు. ఎంతసేపు తిప్పాడో. ఎనిమిది చుట్లు అంత పొడుగు ఉంటాయని నాకు ఆ రోజే తెలిసింది.

మూత తీసి లోపలికి చూశాడు. మా దిక్కు తిరిగి మూడు వేళ్లు చూపించాడు. తర్వాత పై రొట్టె మడత విప్పి, తల ఊపాడు.

రుక్కమ్మ ఏడ్చింది. చప్పుడు లేకుండా, కొంగు నోట్లోనే పెట్టుకొని. నేను పక్కన నిలబడ్డాను.

డబ్బా తెచ్చి ఆమె చేతికి ఇచ్చారు. హరిప్రసాద్ ఆమె ముందు వంగి మెల్లగా చెప్పాడు.

"అమ్మా, ఈసారికి వదిలేస్తున్నాం. ఇంకెప్పుడూ ఇలా చేయకండి. మనిషి లేకుండా డబ్బా బస్సు ఎక్కించకూడదు."

ఆమె ముక్కు తుడుచుకుంది.

"మనిషి ఉంటే ఎక్కియ్యొచ్చునా సారూ?"

"మనిషి ఉంటే మాకేం అభ్యంతరం?"

"గట్ల చెప్పుర్రి మరి" అంది.

అవతల గడ్డి పెరిగిన చోట ఒక చెట్టు నీడ ఉంది. అక్కడ కూర్చున్నాం. రుక్కమ్మ నాలుగు మడతల రొట్టె తీసి అరవింద్ దగ్గరికి పోయింది.

"వద్దక్కా. నీకో దండం" అన్నాడు.

"తిను బిడ్డా. కుక్క గూడ వాసన చూసి ఊకున్నది."

అతను మడత కొంచెం విప్పి చూసి తీసుకున్నాడు. ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు, తర్వాత అంతా తిన్నాడు.

"నా రొట్టె గీనికి పోయింది" అన్నాడు సఖావత్.

"నీకు షుగర్, మూసుకో" అంది ఆమె. నా రొట్టెల్లో ఒకటి అతనికి పెట్టింది.

పప్పు చల్లారి గడ్డకట్టింది. నేను ఉల్లిగడ్డ గుద్దుకొని తింటున్నాను. ఆమె నా చెయ్యినే చూస్తోంది.

"గంత సంగతి నీకెట్ల తెల్సయ్యా?" అంది.

"ఏంది?"

"బెల్లం సంగతి."

ముద్ద మింగి "పప్పు బాగుంది" అన్నాను.

సఖావత్ రొట్టె పట్టుకొని అట్లాగే ఆగిపోయాడు. "యా అల్లా. వదినె, ఇయ్యాల ఈయన మొత్తం మాటలన్నీ ఖతం చేస్తున్నడు. రేపటికి ఏం మిగలయి" అన్నాడు.

తెల్లారి నేను పది గంటలకు గేటు దగ్గరికి పోయాను. రోడ్డు పొడుగునా చూశాను. ఆరాంఘర్ దిక్కు నుంచి ఒక ఆడమనిషి వెనక్కి నడిచి వస్తోంది. గేటు దగ్గర బస్సు ఆగదు కదా, స్టాపు దాకా పోయి దిగింది. చంకలో ఎర్ర గళ్ల మూట.

"డబ్బా ఒక్కటే రావద్దన్నరు గద" అంది. "మనిషిని తోలుకొచ్చిన."

తోటలోకి తీసుకుపోయాను. ఇరవై తొమ్మిదేళ్లు గింజలు పంపాను గానీ తోటను ఆమె చూసింది లేదు. ఏ చెట్టు జామకాయ తీపో ఆమెకు తెలుసు. చెట్టు తెలియదు. చూపించాను. ఒక్కొక్క చెట్టు మీద చెయ్యి వేసి చూసింది. ద్రాక్ష పందిరి కింద కూర్చొని ఇద్దరం తిన్నాం. పగటిపూట పనిరోజు ఇద్దరం కలిసి తినడం పెళ్లయినాక అదే మొదలు.

రోజూ రాదు. మోకాళ్లు నొప్పి ఉన్నప్పుడు రాదు, వాన ఎక్కువైతే రాదు. ఆ రోజులు చల్ల రొట్టె తింటాను. మిగల్చను. వచ్చే రోజుల్లో మూడు రొట్టెలు చేస్తుంది. ఏ బస్సు ఎక్కితే ఆ డ్రైవరు పక్కన నిలబడి మూడోది అందిస్తుంది. కొందరు తీసుకుంటారు, కొందరు నవ్వుతారు. ఒక్క అరవింద్ మాత్రం ఆమెను చూస్తే గేటు దగ్గరనే ఆపుతాడు. ఆపకూడదట. ఆపుతాడు.

ఒకరోజు కింది గిన్నె విప్పితే పప్పులోంచి పొగ వచ్చింది. నేను ఆమె ముఖం చూశాను.

"ఏంది గట్ల చూస్తున్నవు?" అంది. "ఆ బస్సుల సలి పెడ్తది. ఒళ్లె పెట్టుకొని కొంగు కప్పుకొచ్చిన."

డీజిల్ వాసన మాత్రం లేదు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. ఒక జామకాయ కోసి, డబ్బాలో వేయకుండా, చేతికి ఇచ్చాను.